పిచ్చి చామంతి మూల

గుంటూరు,
జూలై 9

పెద్దమ్మకి,

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరం ఏమిటని తిట్టుకోకు. ఫోన్ చేస్తే పెదనాన్న స్పీకర్ పెట్టి అరుగు మీద కూర్చుంటారు. నేను చెప్పేది నీకు సరిగా వినపడదు గానీ వీధి మొత్తానికి వినపడుతుంది. కిందటిసారి నా చదువు ఇంకా అవలేదని చెబితే మర్నాటికి ఊళ్లో అందరూ నా పెళ్లి ఆగిపోయిందనుకున్నారు.

అసలు సంగతికి వస్తాను. జనవరిలో మీ ఊరు వచ్చినప్పుడు మెట్టచేను ఉత్తరపు మూల నుంచి నేను పీక్కొచ్చిన పసుప్పచ్చ పూల మొక్క గుర్తుందా? జానెడు ఎత్తు కూడా లేదు, బూడిదరంగు ఆకులు నేలకి అతుక్కుని ఉన్నాయి. నువ్వు చూసి "పిచ్చి చామంతి, పారెయ్యి" అని వంటింట్లోకి వెళ్లిపోయావు. అది నిజంగా చామంతి కుటుంబమే. కాకపోతే ఎడారి ఇసుకలో బతికే రకం. మన వైపు ఉన్నట్టు ఎవరూ ఎక్కడా రాయలేదు. నేను తెచ్చిన మొక్క ఇప్పుడు కాగితాల మధ్య ఎండిపోయి ఉంది.

మా ప్రొఫెసర్ గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఒక్క మొక్కతో ఏం చేస్తావమ్మా? అది అక్కడ పూస్తుంది, గింజ కడుతుంది, ఆ గింజ మొలుస్తుంది అని చూపించు, అప్పుడు ఒప్పుకుంటాను" అన్నారు. నా పరిశోధన గడువు ఒకసారి పొడిగించారు, రెండోసారి ఇవ్వరు. ముందు పట్టుకున్న అంశం మూడేళ్లు తిని చేతికి రాకుండా పోయింది. ఇక నాకున్నది ఈ చలికాలం ఒక్కటే.

అందుకని నీకు ఒక పని పెడుతున్నాను. ఫిబ్రవరిలో గింజ ముదిరేదాకా ఆ మూల ఎవరూ దున్నకుండా, గడ్డిమందు కొట్టకుండా చూడు. ఆ మూల మట్టి ఒక డబ్బాలో, పక్కన దున్నే చేలో మట్టి ఇంకో డబ్బాలో పోసి పోస్టులో పంపు. అంత చేనులో ఆ మూల మాత్రం ఎందుకు దున్నరో కూడా రాయి, నా థీసిస్‌లో పెట్టాలి.

అలసిపోయాను పెద్దమ్మా. ఇదన్నా కుదిరితే బాగుండు.

నీ దివ్య


నేరేళ్లవారిపాలెం, పొదిలి మండలం,
ఆగస్టు 2

అమ్మాయి దివ్యకి,

నీ ఉత్తరం ముందు మీ పెదనాన్న చేతిలో పడింది. విప్పలేదులే, విప్పాలని మాత్రం చాలాసేపు తిప్పలు పడ్డాడు.

ఇన్నేళ్లు చదివి చదివి చివరికి కలుపు మొక్క దగ్గర తేలావన్నమాట. పుట్టినప్పటి నుంచి ఇలాంటివి పీకుతూనే ఉన్నాం, మాకెవరూ డాక్టరు పట్టా ఇవ్వలేదు. మీ ప్రొఫెసర్ గారికి నా పేరు కూడా చెప్పు. నవ్వులాటకి అన్నాను, నొచ్చుకోకు.

రెండు డబ్బాల్లో మట్టి పంపుతున్నాను. మూత మీద పసుపు బొట్టు పెట్టింది ఆ మూలది. ఇంకేదన్నా గుర్తు పెడదామంటే చేతికి పెన్ను దొరకలేదు. ఆ మూల ఎందుకు దున్నమంటే, అక్కడ రాళ్లు. గొర్రు దిగదు. అంతకంటే ఏమీ లేదు, అదే రాసుకో.

ఇంకో సంగతి చెప్పాలి. మీ పెదనాన్న మోకాళ్లు పూర్తిగా పోయాయి. గట్టు ఎక్కాలంటే నా భుజం పట్టుకుంటున్నాడు. నా భుజం ఎవరు పట్టుకుంటారో ఆ భగవంతుడికే తెలియాలి. ఈ ఏడు చేను కౌలుకి ఇచ్చేశాం. తీసుకున్నది మాబు సాహెబ్, మన పక్క ఊరతనే, మంచి మనిషి. మిరప వేస్తాడట. చేను మొత్తం ఇస్తున్నానని మీ పెదనాన్న మాటిచ్చేశాడు, నీ మూల సంగతి అప్పటికి మాకు తెలియదు. అయినా నేను మాట్లాడతానులే. నువ్వు వేళకి తిను. జనవరిలో చూసినప్పుడు నీ మెడ ఎముకలు కనపడ్డాయి.

పెద్దమ్మ
వెంకటరావమ్మ


గుంటూరు,
సెప్టెంబరు 6

పెద్దమ్మకి,

మట్టి డబ్బాలు అందాయి. నీ పసుపు బొట్టు చూసి ల్యాబులో అందరూ దణ్ణం పెట్టారు.

ఒక చిక్కు వచ్చింది. రెండు డబ్బాల మట్టీ ఒకటే. నా పక్క బల్ల దగ్గర పనిచేసే అన్విత చేత కూడా మళ్లీ పరీక్ష చేయించాను, తేడా లేదు. ఆ మూల రాళ్లు లేవు పెద్దమ్మా. జనవరిలో నేను చేత్తో తవ్వినప్పుడు కూడా ఒక్క రాయి తగల్లేదు, అప్పుడు పట్టించుకోలేదంతే. ఎడారి మొక్క అక్కడే ఎందుకు మిగిలిందంటే మట్టి వేరు గనక అని రాద్దామనుకున్నాను. ఇప్పుడు ఆ మాట కుదరదు. మిగతా చేను ఏటా దున్నారు గనక అక్కడ పోయింది, ఆ మూల దున్నలేదు గనక బతికింది. అంతే. మరి ఎందుకు దున్నలేదు? ప్రొఫెసర్ గారు అడుగుతారు, కనుక్కుని రాయి.

మాబు సాహెబ్ గారితో మాట్లాడావా? హాస్టల్ గదిలో పడుకుంటే కళ్ల ముందు ట్రాక్టరే కనపడుతోంది. మొన్న చీరాల వెళ్లినప్పుడు ఈ మొక్క సంగతి నాన్నకి చెప్పబోయాను. పొదిలి అనగానే టీవీ సౌండు పెంచారు. ఆయన ఎప్పుడూ అంతే కదా.

నీ దివ్య


నేరేళ్లవారిపాలెం,
అక్టోబరు 11

అమ్మాయి దివ్యకి,

మట్టి గురించి నాకు తెలియదమ్మా. మిషన్లు చెప్పేది మిషన్లు చెబుతాయి. మా మామగారి కాలం నుంచి అక్కడ దున్నలేదు, అలా వదిలేశారు. పెద్దవాళ్ల పనులకి కారణాలు అడిగే అలవాటు మాకు లేదు.

మాబు సాహెబ్‌తో మాట్లాడాను. "పిచ్చిమొక్క కోసం మూల వదలమంటే ఎట్టమ్మా? సాళ్లన్నీ వంకరపోతాయి, డ్రిప్పు పైపు అడ్డంగా తిప్పాలి. చూసినోళ్లు నవ్వరా?" అన్నాడు. తప్పు లేదు, నేనైనా అదే అంటాను. మర్నాడు పొద్దున్నే ట్రాక్టరు వచ్చేసింది. మీ పెదనాన్న గట్టు మీద తుండుగుడ్డ పరుచుకుని కూర్చున్నాడు. నాకు ఏమీ తోచలేదు. ఇంటికి పోయి గుమ్మం దగ్గర పడేసి ఉన్న మూడు రాళ్లు గంపలో వేసుకుని వచ్చి, ఆ మూల నిలబెట్టి, పసుపు రాసి బొట్లు పెట్టాను. నా చీర కొంగు చించి ఒక రాయికి చుట్టాను. ట్రాక్టరు నా దాకా వచ్చి ఆగింది.

"ఏందమ్మా ఇది?" అన్నాడు మాబు సాహెబ్.

"పేరంటాలమ్మ. మా ఇంటి ఆడకూతురు, ముత్తయిదువగా పోయింది. మొక్క సంగతి చెప్పాను గానీ ఈ సంగతి నీకు చెప్పలేదు" అన్నాను.

అతను వెంటనే చెప్పులు విడిచాడు. "ముందే చెప్తే నేను మాట్లాడేవాణ్ణా తల్లీ" అని ట్రాక్టరతన్ని వెనక్కి మళ్లించాడు. పైపు కూడా అతనే వంచి వేసుకున్నాడు. మీ పెదనాన్న నా వంక చూసి, తుండుగుడ్డ భుజాన వేసుకుని లేచాడు.

నీ పిచ్చి చామంతికి దేవత కాపలా పెట్టాను. నవ్వితే నవ్వుకో.

పెద్దమ్మ


గుంటూరు,
నవంబరు 3

పెద్దమ్మకి,

నవ్వాను. చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వాను. అన్వితకి చదివి వినిపిస్తే, "మా ప్రాజెక్టుకి కూడా ఒక అమ్మవారిని పంపమను" అంది. ప్రొఫెసర్ గారికి మాత్రం స్థానికుల సహకారంతో ఆ స్థలాన్ని రక్షించాం అని మర్యాదగా చెప్పాను.

ఫోటోలో చూశాను, పెదనాన్న పంపారు. వానలకి మొలకలు బాగా వచ్చాయి. అవే, సందేహం లేదు. వాటికి నీళ్లు పోయకు, ఎరువు వేయకు. వాటిని వాటి మానాన వదిలెయ్యడమే మనం చేయగలిగిన మేలు.

ఇంతకీ ఆ పేరంటాలికి ఏం పేరు పెట్టావు? ముత్తయిదువగా పోయిన ఆడకూతురు అన్నావు. ఎవరైనా నిజంగా ఉన్నారా, లేక ట్రాక్టరు ముందు నిలబడి పుట్టించావా? రాయి, సరదాగా ఉంటుంది.

నీ దివ్య


నేరేళ్లవారిపాలెం,
డిసెంబరు 19

అమ్మాయి దివ్యకి,

మొన్నటి నుంచి పూస్తున్నాయి. పొద్దున విచ్చుకుని ఎండెక్కేసరికి ముడుచుకుంటున్నాయి. నువ్వు చెప్పినట్టే తేదీ వేసి కాలెండరు వెనక రాశాను.

కానీ నాకు దిగులుగా ఉంది. ఈ ఏడు చుట్టుపక్కల మిరప చేలన్నీ తామరపురుగు తగిలి ముడుచుకుపోయాయి. మాబు సాహెబ్ చేను మాత్రం పచ్చగా ఉంది. అతను వేళ తప్పకుండా కనిపెట్టి మందులు కొట్టాడు, పొద్దస్తమానం చేలోనే ఉంటాడు, అందుకని నిలబడింది. ఆ మాట అతనే ఒప్పుకోడు. "అంతా అమ్మ చలవ" అంటాడు. అతని భార్య చాంద్‌బీ శుక్రవారం శుక్రవారం అగరొత్తులు వెలిగిస్తోంది. ఆమె చెబితే కాయ కోతకి వచ్చిన ఆడవాళ్లు కూడా మొదలుపెట్టారు. గాజులు పెడుతున్నారు, రవికగుడ్డ పెడుతున్నారు. మొన్న ఒకామె పొంగలి పెట్టి, వెళ్తూ వెళ్తూ నాకు కూడా దణ్ణం పెట్టింది. నేను పేరంటాలమ్మ ఇంటి మనిషినట.

అబద్ధమని ఇప్పుడు ఎలా చెప్పను? చెబితే మాబు సాహెబ్ నా మొహం చూస్తాడా? పూలు కోయొద్దు, అమ్మకి కోపం వస్తుందని చెప్పాను. ఇప్పటికైతే వింటున్నారు. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం కాపలా.

పేరు అడిగావు. ఏదో ఒక పేరు చెప్పానులే. సంక్రాంతి వెళ్లగానే మీ పెదనాన్నని మోకాలి ఆపరేషనుకి ఒంగోలు తీసుకెళ్లాలి. అక్కడే కొన్నాళ్లు ఉండాలట. ఈలోపు చాంద్‌బీకి మరీ మరీ చెప్పి వెళ్తాను.

పెద్దమ్మ


గుంటూరు,
జనవరి 8

పెద్దమ్మకి,

ఇంకెంతో లేదు. ఫిబ్రవరి నెలాఖరుకి పువ్వులు ఎండి, గింజకి నూగు వచ్చి, ముట్టుకుంటే ఎగిరిపోయేట్టు అవుతాయి. అప్పుడు నేనే వచ్చి కోసుకుంటాను. అప్పటిదాకా వాళ్లని పక్కన నిలబడి పూజ చేసుకోమను.

నువ్వు పేరు దాటేశావు, నేను గమనించాను. మట్టి సంగతి కూడా అలాగే దాటేశావు. నిన్న చీరాలలో అన్నం తింటూ నాన్నకి నీ పేరంటాలమ్మ కథ చెప్పాను, నవ్వుతారని. ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఏ మూల?" అన్నారు. ఉత్తరపు మూల అన్నాను. లేచి చెయ్యి కడిగేసుకున్నారు. రాత్రంతా దగ్గుతూనే ఉన్నారు, పడుకోలేదు.

అమ్మ జ్వరంతో పోయిందని మీరంతా చెప్పారు. నాకు మూడేళ్లప్పుడు. నేనెప్పుడూ ఇంకేమీ అడగలేదు, అడిగితే అందరి మొహాలూ మారిపోతాయని. ఇప్పుడు అడుగుతున్నాను. ఆ మూల ఎందుకు దున్నలేదు పెద్దమ్మా?

దివ్య


నేరేళ్లవారిపాలెం,
ఫిబ్రవరి 20

అమ్మా దివ్యా,

ముందు చెడ్డ కబురు చెప్పేస్తాను. నీ మొక్కలు లేవు.

ఒంగోలు నుంచి నిన్ననే వచ్చాం. మీ పెదనాన్నని మంచం మీద దించి చేనుకి పోయాను. పంట చేతికొచ్చిందని మాబు సాహెబ్ మొక్కు తీర్చుకున్నాడు. ఆ మూల నున్నగా సిమెంటు గచ్చు చేయించి, చిన్న గూడు కట్టించి, సున్నం వేయించాడు. గచ్చు పోసే ముందు కోతకొచ్చిన ఆడవాళ్లు చుట్టూ శుభ్రం చేశారట. కలుపు తీసే చేతులు అవి, అమ్మ చుట్టూ పిచ్చిమొక్కలు ఉంటే ఊరుకుంటాయా? వేళ్లతో సహా పీకి కుప్పేసి తగలబెట్టారు. బూడిదలో కెలికి చూశాను, గట్టు చుట్టూ వంగి వెతికాను. ఒక్కటి కూడా మిగల్లేదు. "నువ్వొచ్చేసరికి చేసి చూపించాలని అనుకున్నామమ్మా" అని చాంద్‌బీ నా చెయ్యి పట్టుకుంది. ఆమెని ఏమనను? ట్రాక్టరు నుంచి కాపాడదామని పెట్టిన రాళ్లే నీ మొక్కల్ని తిన్నాయి. నీ చదువు నా తెలివితేటలకి బలైపోయింది. నా మొహం నీకెలా చూపించాలో తెలియడం లేదు.

ఇక నువ్వడిగింది. మీ నాన్నకి మాటిచ్చాను కాబట్టి ఇన్నాళ్లూ చెప్పలేదు. మొన్న ఆస్పత్రికి ఆయన ఒక్కడే వచ్చాడు. మీ పెదనాన్న మంచం పక్కన కూర్చుని, "ఇక చెప్పండి వదినా, నా వల్ల కాదు" అన్నాడు.

ఆ ఏడు అక్కడ పత్తి వేశాం. మీ అమ్మ నిన్ను తీసుకుని ఈ అక్క దగ్గర నాలుగు రోజులుందామని వచ్చింది. ఇద్దరం పత్తి తీస్తున్నాం, నిన్ను పత్తి కుప్ప మీద కూర్చోబెట్టాం. ఆ మూల ఈ పిచ్చి చామంతి పచ్చగా పూసి ఉంది. నువ్వు చెయ్యి చాపి పువ్వు పువ్వు అని ఏడుపు. "ఉండక్కా, ఒక్కటి తెచ్చిస్తే నోరు మూస్తుంది" అని మీ అమ్మ నవ్వుకుంటూ వెళ్లింది. రక్తపింజరి పాము. పొదిలి చేరకముందే బండిలోనే పోయింది. పువ్వు గుప్పిట్లోనే ఉంది.

పిల్ల అడిగిన పువ్వు కోసమే తల్లి పోయిందని రేపు ఎవరైనా అంటారు, అది జీవితాంతం మోస్తుంది, జ్వరమని చెప్పండి అని మీ నాన్న అందరి చేతా ఒట్టు వేయించుకున్నాడు. నిన్ను చీరాల తీసుకెళ్లిపోయాడు, మళ్లీ ఈ ఊరు తొక్కలేదు. మరుసటేడు దుక్కికి మీ పెదనాన్న ఆ మూల దాకా అరక తోలి ఆపేశాడు. నేను చెప్పలేదు, అతనే ఆపేశాడు. ఆ తర్వాత ఏటా అక్కడికొచ్చి మళ్లుకోవడమే. నీ ఎడారి మొక్క అలా మిగిలింది. మీ ప్రొఫెసర్ గారికి ఇది ఎలా రాస్తావో నాకు తెలియదు.

నిరుడు నువ్వు ఆ పువ్వు పట్టుకుని గుమ్మంలో నిలబడి "పెద్దమ్మా, ఇదేంటి?" అన్నప్పుడు నాకు మీ అమ్మ గుప్పిటే కనపడింది. అందుకే పారెయ్యమని లోపలికి పోయాను.

ట్రాక్టరు ముందు మాబు సాహెబ్ "పేరేంటమ్మా?" అని అడిగాడు. నా నోటికి ఇంకో పేరు రాలేదు. రాఘవమ్మ అన్నాను. ఇప్పుడు గూటి మీద ఎర్ర రంగుతో రాశారు.

నువ్వు తిట్టినా పడతాను.

పెద్దమ్మ


గుంటూరు,
మార్చి 16

పెద్దమ్మకి,

నీ ఉత్తరం చదివాక ముందు నీ మీద కోపం వచ్చింది. తర్వాత నాన్న మీద వచ్చింది. ఆ తర్వాత కోప్పడే ఓపిక కూడా లేకపోయింది.

మొన్న శుక్రవారం నేను మీ ఊరు వచ్చాను. మీ ఇంటికి రాలేదు, నేరుగా చేనుకి వెళ్లాను. అమ్మ కోసం వచ్చానని అబద్ధం చెప్పను. ఏ గట్టు పక్కనైనా ఒక్క మొక్క మిగిలి ఉంటుందేమోనని, తేదీ, ఊరు రాసుకున్న కాగితపు కవర్లు సంచిలో వేసుకుని వచ్చాను. గట్లన్నీ తిరిగాను. నువ్వు సరిగానే వెతికావు.

గూడు దగ్గర నలుగురైదుగురు ఆడవాళ్లు ఉన్నారు. మాబు సాహెబ్ గారు కాస్త దూరంలో టార్పాలిన్ పట్టాల మీద మిరపకాయలు తిరగేస్తున్నారు, ఘాటుకి అందరం దగ్గుతున్నాం. గూడు మీద అమ్మ పేరు చూశాను. చీరాల ఇంట్లో అమ్మ ఫోటో బీరువా లోపల ఉంటుంది. ఆ పేరు బయట, ఎండలో, అందరూ చదివేలా రాసి ఉండటం నేను అదే మొదటిసారి చూడటం. ఎవరూ నన్ను గుర్తుపట్టలేదు, నేనూ చెప్పలేదు. ఒకామె గాజులు పెట్టింది. ఒక ముసలామె "మా తల్లి రాఘవమ్మ చల్లని మనిషి, పిల్లలంటే పేణం" అంది. ఆమెకి ఎవరు చెప్పారో తెలియదు. నాకెవరూ అంతమాత్రం చెప్పలేదు.

చాంద్‌బీ అనుకుంటాను, బొట్టు లేని ఒకావిడ నా దగ్గరికి వచ్చి కొంగు ముడి విప్పింది. "మొక్కలు పీకిన రోజు పూలు మాత్రం కాల్చబుద్ధి కాలేదమ్మా. మూట కట్టి దాచా, వచ్చినోళ్లకి ఇస్తన్నా. ఇదే ఆఖరుది, తల్లో పెట్టుకో. అమ్మ పువ్వు" అని నా చేతిలో పెట్టింది.

పెద్దమ్మా, అది పూర్తిగా ఎండి ఉంది. గింజ ముదిరింది, నూగు విచ్చుకుంది. ఆ ఒక్క పువ్వు కవర్లో వేసుకుంటే చాలు, కుండీలో మొలిపించి చూపిస్తే ప్రొఫెసర్ గారు ఒప్పుకుంటారు. కవరు సంచిలోంచి తీశాను కూడా. మూడేళ్లప్పుడు నేను ఏడిచి అడిగిన పువ్వు ఇదే కదా అనిపించింది. తెస్తానని వెళ్లిన మనిషి ఇప్పటికి ఇంకొకరి చేత పంపించింది. దాన్ని కవర్లో ఎలా వేయను? జడలో పెట్టుకున్నాను.

పొదిలిలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. గాలికి గింజలు నిలవవని నాకు తెలుసు, కిటికీ మూయాలని కూడా తెలుసు. మూయలేదు. దర్శి దాటాక చెయ్యి పెట్టి చూసుకుంటే తొడిమ మాత్రం మిగిలింది. ఏ గట్ల మీద రాలాయో, అవి దున్నే చోట్లో కావో.

ప్రొఫెసర్ గారితో వయ్యారిభామ కలుపు మీద చేస్తానని చెప్పాను. అది ఎవరు ఎంత పీకినా చావదు, ఆ మేరకు నిశ్చింత. గడువు ఇస్తారో లేదో తెలియదు. నీ తెలివితేటల వల్ల నా చదువు పోయిందని మాత్రం అనుకోకు.

వచ్చే శుక్రవారం ఇంటికే వస్తాను, నాన్నని కూడా తీసుకొస్తాను. వస్తానన్నారు, బస్సెక్కేదాకా నమ్మకం లేదు. అమ్మ గురించి నువ్వు చెప్పాలి. ఏ కూర ఇష్టంగా తినేదో అక్కడి నుంచి మొదలుపెట్టు. నీకు వినపడకపోతే నేను గట్టిగానే అడుగుతాను. పెదనాన్నని అరుగు మీద కూర్చోమను. వీధంతా విన్నా ఫర్వాలేదు.

ఇట్లు
రాఘవమ్మ కూతురు
దివ్య